పదిహేడు అంగుళాలు

నాలుగేళ్ల క్రితం ఫిబ్రవరిలో నన్ను జాతీయ జూనియర్ మహిళల బేస్‌బాల్ జట్టుకు పిచింగ్ కోచ్‌గా నియమించారు. ఏప్రిల్‌లో జట్టు విదేశీ టోర్నమెంటుకు వెళ్లాలి. అంతకుముందు దేశంలో నాలుగు చోట్ల ఎంపిక పరీక్షలు పెట్టారు. వరంగల్ కేంద్రానికి పరిశీలకుడిగా వెళ్లడం నా మొదటి బాధ్యత. సొంత ఊరు కాబట్టి సంతోషంగానే ఒప్పుకున్నాను.

ఈ ఆట తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. బంతి విసిరే ఆటగాణ్ని పిచర్ అంటారు. మౌండ్ అనే చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, బ్యాటర్ ముందు నేలలో పాతిన తెల్లటి రబ్బరు పలక మీదుగా బంతి వెళ్లేలా విసరాలి. ఆ పలక పేరు ప్లేటు; పిచర్ వైపు అంచు తిన్నగా, వెనక వైపు మొనదేలి ఉంటుంది. దాని మీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్య ఎత్తులో వెళ్లిన బంతి స్ట్రైకు. మోకాలి కంటే కిందికి పోతే ఆ బంతి లెక్కకు రాదు.

వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేను యూనివర్సిటీ జట్టుకు పిచర్‌ని. తర్వాత పద్దెనిమిదేళ్లు కాలువల పనుల్లో ఇంజనీర్‌గా ఉన్నాను. సెలవుల్లో కోచింగ్ పరీక్షలు రాశాను. నలభై దాటాక స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే ఆఫీసులో అందరూ నాకు మతి పోయిందన్నారు. ఆగ్నేయాసియాలో రెండు దేశాల జట్లకు పిచింగ్ నేర్పి తిరిగొచ్చాను. కొలతల గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనే ధీమా ఉండేది.

నగరం అంచున ఒక ప్రైవేటు కాలేజీ మైదానంలో పరీక్ష. తొమ్మిది మంది పిచర్లు వచ్చారు. ఒక్కొక్కరు ముప్పై బంతులు విసరాలి. ఎన్ని స్ట్రైకులు పడ్డాయో అంపైర్ చెబుతాడు, స్కోరర్ రాస్తాడు, పరిశీలకుడు చివర సంతకం పెడతాడు. నాలుగు కేంద్రాల అంకెలనూ కలిపి, పై నుంచి ఐదుగురిని తీసుకుంటారు.

ఆ తొమ్మిది మందిలో నా చూపు స్టెల్లా మీద నిలిచింది. తొర్రూరు దగ్గర ఒక పల్లె ఆమెది. తండ్రి ఇన్నయ్య కౌలుకు పత్తి వేస్తాడు. బడిలో ఆటల మాస్టారు ఆమెకు ఈ ఆట నేర్పాడట. ఆమె విసిరిన బంతి బ్యాటర్ దాకా తిన్నగా వచ్చి, చివర్లో మోకాలి ఎత్తుకు జారుతుంది. దాన్ని కొట్టడం చాలా కష్టం. అలాంటి బంతి విసిరే జూనియర్‌ని మన దేశంలో నేను అంతకుముందు చూడలేదు.

అయితే ఆ రోజు ఆమె బంతులు ఒకదాని వెనుక ఒకటి మోకాలి కిందికి దిగిపోయాయి. పది విసిరాక ఆగి నా దగ్గరకు వచ్చింది.

"సార్, ప్లేటు జర దూరం అనిపిస్తాంది. ఎప్పటి లెక్కనే ఏస్తాన, బాల్ కిందికి పోతాంది."

"అందరు గిదే మౌండ్ మీద ఏస్తాన్రు బిడ్డా. సాకులు జెప్పకు, పోయి ఏయ్" అన్నాను.

వెళ్లి మిగిలిన ఇరవై విసిరింది. మొత్తం పదకొండు స్ట్రైకులు. ఛాతీ ఎత్తున విసిరే సాదా పిచర్లకు ఆమె కంటే ఎక్కువ వచ్చాయి. పట్టిక కింద సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని అక్కడికక్కడే ఫోటో తీసి ఎంపిక సంఘం కార్యదర్శికి పంపించారు.

సాయంత్రం మైదానం చూసుకునే కొమురయ్య ప్లేటు పెకలిస్తున్నాడు. మర్నాడు అక్కడ క్రికెట్ ఉందట. దూరం ఎలా కొలిచావని ఊరికే అడిగాను.

"ముందంచు కాడ టేపు వట్టిన సార్. వాళ్లు అంకె ఒక్కటే జెప్పిన్రు, యాడ వట్టాల్నో ఎవరు జెప్పలె" అన్నాడు.

మౌండ్‌కూ ప్లేటుకూ మధ్య ఉండాల్సిన అరవై అడుగుల ఆరు అంగుళాలను ప్లేటు వెనక మొన నుంచి కొలవాలి. ముందంచు నుంచి వెనక మొనకు పదిహేడు అంగుళాలు. ఇద్దరం మళ్లీ టేపు పట్టాం. అరవై ఒక్క అడుగుల పదకొండు అంగుళాలు వచ్చింది. ఆ అదనపు దూరంలో జారే బంతి మరో రెండు మూడు అంగుళాలు దిగుతుంది. ఛాతీ ఎత్తున వేసేవారికి దాంతో నష్టం లేదు. మోకాలి ఎత్తున వేసే స్టెల్లాకు అదే సర్వనాశనం. కొమురయ్యను నేను తప్పుపట్టను. అతనికి అంకె ఇచ్చి పద్ధతి చెప్పని వారు ఆ రోజు షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. నేనూ అక్కడే కూర్చున్నాను.

వెంటనే కార్యదర్శికి ఫోన్ చేసి కొలత తప్పిన సంగతి, స్టెల్లాకు జరిగిన నష్టం చెప్పాను. మైదానం బాధ్యత స్థానిక నిర్వాహకులదన్నాడు. పరిశీలకుడిగా సంతకం పెట్టింది మీరే కదా అన్నాడు. ఆ మాట నిజం. కానీ పేర్లు పంపడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఆ తొమ్మిది మందికీ ఒక్క పూట మళ్లీ పరీక్ష పెడితే సరిపోతుంది, ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను.

"ఒక్క పిల్ల కోసం మళ్లీ పెడితే రేపు ప్రతివాడూ టేపు పట్టుకుని వస్తాడండీ" అన్నాడు.

"రావాలి. వచ్చి కొలవాలి" అన్నాను.

"మీరు ఇంకా ఇంజనీర్‌లాగే ఆలోచిస్తున్నారు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆయన ఆ మాటను తిట్టుగా వాడాడు. ప్లేటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని మనిషి దేశపు జట్టును ఎంపిక చేస్తున్నాడు. నా సంతకాన్ని ఉపసంహరించుకుంటూ, టేపు ఫోటోలు జతచేసి, సంఘంలోని సభ్యులందరికీ ఉత్తరం రాశాను. ఒక్కరూ కొలత తప్పు కాదనలేదు. ఒక్కరూ మళ్లీ పరీక్ష పెడదామనలేదు. మూడో రోజు నాకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. జాబితా మారదని ఒకటి, ఈ పర్యటనకు నా సేవలు అవసరం లేదని రెండోది. జట్టు నేను లేకుండానే వెళ్లింది.

ఈ సంగతి స్టెల్లాకు కాగితం మీద చెప్పడం సరికాదనిపించి, ఆ జవాబు వచ్చిన మర్నాడే తొర్రూరు వెళ్లాను. ఇంటిల్లిపాదీ చేలో పత్తి కట్టె పీకుతున్నారు. గట్టు మీదే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అంటే నేను సక్కగనే ఏసిన గదా సార్?" అంది స్టెల్లా.

"సక్కగనే ఏసినవ్ బిడ్డా."

"ఆ దినమే జెప్పిన గద సార్, దూరమున్నదని."

ఇన్నయ్య చేతిలోని కట్టె కింద పడేసి ముందుకొచ్చాడు. "మీరు ఇంజనీరట గదా. సంతకం వెట్టేటప్పుడు కొలువలేదా సార్? ఇప్పుడు మీరు ఎన్ని కాయితాలు రాస్తె నా బిడ్డ పోతది?"

పోదని చెప్పాను. అతను నన్ను కూర్చోమనలేదు, నేనూ ఆశించలేదు. తిరిగి వస్తూ బడి ఆవరణలో ఆమె సాధన చేసే చోటు చూశాను. ఆటల మాస్టారు నూలు తాడుతో కొలిచి గీసిన గీతలవి. నా టేపుతో చూస్తే సరిగ్గా అరవై అడుగుల ఆరు అంగుళాలు.

మరుసటి ఏడాదికి స్టెల్లాకు జూనియర్ వయసు దాటిపోయింది. ఇప్పుడు పరకాలలో ఒక బడిలో ఆటలు నేర్పుతోంది. ఆ కార్యదర్శి అదే పదవిలో ఉన్నాడు. పరీక్ష పట్టికలో మైదానం కొలతకు ఒక గడి చేర్చమని నేను నాలుగుసార్లు రాశాను. ఇప్పటికీ చేర్చలేదు.

దూరం తేడాగా ఉందని ఆటగాడు అన్న మరుక్షణం పరీక్ష ఆపి కొలవాలి. అలా కొలవని పరిశీలకుడికి సంతకం పెట్టే అధికారం ఉండకూడదు. ఆ రోజు నాకూ ఉండాల్సింది కాదు.