బియ్యం నుంచి మంచు దాకా

2022. సరోజినీ నగర్ మార్కెట్ వెనక సందులో నా షాపు. పాత ఫొటోలు స్కాన్ చేసి, కంప్యూటర్‌లో వాటితో కొత్త బొమ్మలు కూర్చడం నా పని. "అతుకు ఎక్కడుందో చూపిస్తే షాపు మూసేస్తా" అని కోతలు కోసేవాణ్ణి.

ఒకరోజు కంటోన్మెంట్ క్వార్టర్స్ నుంచి పార్వతి వచ్చింది. శ్రీకాకుళం మనిషి, భర్త సరిహద్దులో హవల్దార్.

"అన్నయ్యా, పాప అక్షరాభ్యాసానికి ఆయనికి సెలవు దొరకలేదు. పక్కన కూకున్నట్టు పెట్టండి. పెద్దయ్యేక నాన్న ఏడని అది అడగకూడదు."

ఫొటోలో పార్వతే పాప వేలు పట్టుకుని పళ్ళెంలోని బియ్యంలో రాయిస్తోంది. ఆయన పెళ్ళినాటి ఫొటో తీసుకుని లేయర్ల మీద లేయర్లు పేర్చాను. లేయర్ అంటే బొమ్మ మీద పరిచే పారదర్శకమైన పొర. ఆయన పక్కనే కూర్చున్నాడు. మురిసిపోయాను.

నెల తర్వాత ఆయనే సెలవు మీద వచ్చాడు, భార్యాబిడ్డలతో, ఆ బొమ్మ పట్టుకుని.

"పనితనం బాగుందన్నా. కానీ ఆ రోజు నేను లేను. నా పిల్లకి అబద్ధం చూపించలేను."

"మరి మీరు లేని ఫొటోయే గోడకి తగిలించమంటారేటి?" పార్వతి కళ్ళు నిండాయి.

ఇద్దరిదీ న్యాయమే. నా పొగరు మాత్రం కాస్త దిగింది. "డ్యూటీలో తీసిన ఫొటోలున్నాయా?" అని అడిగాను. ఆయన ఫోన్‌లో ఒకటి దొరికింది. కొండ మీద మంచు, దూరంగా ఆయన, వెనక ఆయన అడుగుల వరస.

వారం రోజులు కూర్చున్నాను. పక్కన పెట్టిన మనిషిని తీసేశాను. పళ్ళెం అంచు తెరిచి బియ్యాన్ని గింజ గింజగా మంచులోకి కలిపాను. పాప గీసిన గీతను సాగదీసి ఆయన అడుగుల జాడతో జతచేశాను. ఇంత మంచి పని అంతకుముందు చేయలేదు. ఈ మాట సిగ్గుపడకుండా చెబుతున్నాను.

బొమ్మను భార్యాభర్తలిద్దరి ముందూ పెట్టాను. పాప వచ్చి, పళ్ళెం దగ్గర వేలు పెట్టి, గీత వెంట మంచులోకి జరిపింది.

"పాపా తక్ మైఁనే లిఖా!" అంది, ఇక్కడి పిల్లల హిందీలో. నాన్న దాకా నేనే రాశానని.

హవల్దార్ బిడ్డను ఎత్తుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ బొమ్మ నకలు ఒకటి నా కౌంటర్ మీద ఉంది. కొత్త కస్టమర్లకు ముందు అదే చూపిస్తాను. బియ్యం ఎక్కడ మంచవుతుందో, ఆ అతుకును నేనే వేలు పెట్టి చూపిస్తాను.