కుప్పంలో తిప్పే తాళం

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డుకు సమీపంలో, ఒక పాల సంస్థ కార్యాలయపు మేడ మీది గదిలో మునీశ్వరి పనిచేస్తుంది. సోమల ఊరి దగ్గర సేద్యపు కుటుంబంలో పుట్టి, డిప్లొమా చదివి, భర్త పోయిన తరువాత పుట్టింటికి మరలక ఈ పట్టణంలోనే అద్దెగదిలో కాలం గడుపుతున్నది. పుంగనూరులోను, కుప్పంలోను ఉన్న పాల శీతల కేంద్రాల యంత్రాలు ఆమె సంరక్షణలో ఉన్నాయి. వాటిని ఆమె చేతితో తాకిన సందర్భాలు అరుదు.

ఉదయం రాగానే కంప్యూటరులో టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరుస్తుంది. అందులో బొమ్మలుండవు, అక్షరాలే ఉంటాయి. యంత్రం చిరునామా రాస్తే అది పేరడుగుతుంది, ఆపై పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ టైపు చేస్తున్నంతసేపు తెర మీద ఏదీ కనిపించదు, పెదవి కదలని జపంలాగ. పాలు ఎంత చల్లగా ఉన్నాయని ఆజ్ఞ రాస్తే ఒక అంకె వస్తుంది. అడిగినదానికి మించి యంత్రం ఏమీ చెప్పదు. దూరాన ఉంటూనే లోపల ఉండటం పరమాత్మ లక్షణమని శ్రుతి చెబుతున్నది. ఆ లక్షణం మనిషికి ఉద్యోగంగా సంక్రమించినప్పుడు దానిని భరించడం కష్టం.

పుంగనూరు యంత్రపు వాకిలి సదా తెరిచే ఉంటుంది. కుప్పంలో అట్లా కాదు. అక్కడ మెషీన్ గదిపైన, ఇనుప నిచ్చెన ఎక్కితే గాని అందని పెట్టెలో ఒక తాళం ఉంది. ఎవరైనా దానిని తిప్పితేనే దూరాన ఉన్నవారికి యంత్రంలోకి ప్రవేశం; మరమ్మతు జరుగుతుండగా బయటినుంచి ఎవరూ యంత్రాన్ని నడపకుండా పెట్టిన నియమం అది. కొంతసేపటికి వాకిలి తనంతట మూసుకుంటుంది. ఆ తాళం తిప్పేవాడు చెంగయ్య, అక్కడి పాత ఆపరేటరు. అందుచేత ప్రతి ఉదయం మునీశ్వరి అతనికి ఫోన్ చేస్తుంది. ఆమె దినంలో ఎదుటి మనిషి గొంతు వినిపించే ఘడియ అదొక్కటే.

"ఏం మేడమ్, నీ కంప్యూటర్‌కి కాళ్ళు లేవని నా కాళ్ళు బాడుగకి తీసుకున్నావా?" అనేవాడు నిచ్చెన ఎక్కుతూ.

"నీకన్నా బాగా ఎక్కేటోళ్ళు ఆడ ఎవురుండారు చెప్పన్నా?"

"సాలు సాలు, పొగడొద్దు. తిప్పినా. పో లోపలికి."

ఆమె ఆజ్ఞలు రాస్తుండగా అతడు పైనే నిలిచి పాలబండ్ల సంగతి, కూతురి సీమంతం సంగతి చెప్పేవాడు. తిరిగి దిగేలోపు ఆ మాటలే ఆమెకు ఆనాటి బంధువులు.

మేనేజరు సుదర్శన్ నుంచి కొన్ని వారాల క్రిందటే ఉత్తర్వు వచ్చింది. మరమ్మతు చేసేవారి రక్షణకు యంత్రం పక్కనే వేరే మీట అమర్చారు గనుక, పుంగనూరులో వలె కుప్పంలోనూ పైతాళపు నియమాన్ని తీసివేయమన్నాడు. అది టెర్మినల్‌లో ఒక్క వరుస రాస్తే తీరే పని. మునీశ్వరి రాయలేదు. ఆ వరుసతోపాటు ఏది చెరిగిపోతుందో ఆమెకు తెలుసు.

ఒకనాడు చెంగయ్య ఆయాసపడుతూ అడిగాడు. "మోకాళ్ళు పట్టేస్తాండాయమ్మా. పుంగనూరు మాదిరి ఈడ గూడా చేసేదానికి కాదా?"

"సూస్తాండానన్నా," అన్నది మునీశ్వరి. అబద్ధమని తెలిసే అన్నది.

మరునాడు నిచ్చెన చప్పుడు మధ్యలో అతని ఫోన్ కింద పడింది. కాసేపటికి ఒక ఆడగొంతు వినబడింది. కేంద్రం ఊడ్చే కుప్పమ్మది. "మెట్టు జారినాడమ్మా. దెబ్బేం లేదు. మోకాలు పట్టుకోని కూర్చోనుండాడు. యాల ఈ ముసలాయన్ని దినామూ పైకెక్కిస్తారు మీరు?"

మునీశ్వరి ఫోన్ పెట్టేసింది. తన ఏకాంతాన్ని ఒక వృద్ధుని మోకాళ్ళ మీద మోపుతున్నానన్న ఎరుక ఆమెను వదలలేదు.

చెంగయ్య తేరుకొని పనిలోకి వచ్చిన ఉదయం ఆమె ఫోన్ చేసింది. "ఈ ఒక్కసారి మెల్లగా ఎక్కన్నా. ఆ నియమం తీసేయాలన్నా నేను లోపలికి రావాల గదా. రేపట్నించి అక్కర్లేదు."

"నిజంగానా?"

"నిజమే."

అతడు నిలిచి నిలిచి ఎక్కాడు. "తిప్పినా. పో లోపలికి."

ఆమె ఆ వరుస రాసింది. మార్పును భద్రపరచమంటావా అని యంత్రం అడిగింది. అవునన్నది. సరేనన్నది యంత్రం.

"అయితే ఇంక ఫోన్ చేసే పనే లేదన్నమాట," అన్నాడు చెంగయ్య.

"లేదన్నా."

"శానా మేలు చేసినావు తల్లీ. సల్లంగుండు."

మరునాడు మునీశ్వరి నేరుగా కుప్పంలో ప్రవేశించింది. పాలు చల్లగానే ఉన్నాయి. ఆ మరునాడూ అంతే. మూడవనాడు పని ముగించాక, చాలాసేపు తటపటాయించి, చెంగయ్య నెంబరు నొక్కింది.

"ఏమమ్మా, ఏమన్నా ఆగిపోయిందా?" అతని గొంతులో కంగారు. వెనుక పాలక్యాన్ల చప్పుడు.

"లేదన్నా. అంతా బాగుండాది. ఊరికే చేసినా."

"ఊరికేనా?" అన్నాడు. "బండి వచ్చిండాదమ్మా, పాలు దించతాండారు. మళ్ళ మాట్లాడతా."

"సరేన్నా."

'మళ్ళ' అన్న ఆ మాటను నమ్మి ఆమె ఫోను మేజాబల్ల మీద, చేతికందేంత దగ్గరగా పెట్టుకున్నది. మధ్యాహ్నందాకా అది మోగలేదు. అప్పుడు పుంగనూరు చిరునామా రాసింది. యంత్రం ఆమె పేరడిగింది.