బొమ్మసంద్ర గేటు దగ్గర ఆగిన మా క్రేన్

హిందూపురంలో మాకున్నది ఒకే ఒక క్రేన్. పద్నాలుగు టన్నులు ఎత్తుతుంది. నాలుగేళ్లుగా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తిరిగింది. ఈ మధ్య బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్ర నుంచి ఒక విడిభాగాల ఫ్యాక్టరీ వాళ్లు, కొత్త ప్రెస్సు మిషను దించి దాని చోట నిలబెట్టడానికి మమ్మల్ని పిలిచారు. రాష్ట్రం దాటి వెళ్లే తొలి పని అది. బాగా జరిగితే మరో మూడు పనులు ఇస్తామన్నారు. అందుకే ఇంట్లో కూర్చుని ఫోన్లు చేయకుండా నేనే బయలుదేరాను. ఇలా క్రేన్‌తో సరిహద్దు దాటబోయేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ట్రైలర్ మీద క్రేన్ ఎక్కించి పొద్దున ఐదింటికి కదిలాం. వెనక కారు నేను నడుపుతున్నాను, పక్కన మా ఆపరేటర్ ఓబులేసు. యాభై రెండేళ్ల మనిషి, ఇరవై ఏళ్ల అనుభవం. గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం, నెలమంగల మీదుగా వెళ్లి నగరం అంచున తిరిగే టోలు రోడ్డు పట్టుకున్నాం. రద్దీ వేళల్లో భారీ వాహనాలను ఊళ్లోకి రానివ్వరు కాబట్టి ఈ దారే మేలు. దొడ్డబళ్లాపురంలో పళ్లెమంత వెడల్పుండే తట్టె ఇడ్లీలకు ఆగినా పదకొండింటికల్లా బొమ్మసంద్ర చేరాం.

ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ మునిరాజు గేటు దగ్గరే మా ఫైలు తిరగేశాడు. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగాయన.

"రోడ్డు లైసెన్సు సరిగానే ఉండాదమ్మా, అది దేశమంతా చెల్లుతాది. ఈ క్రేన్ తనిఖీ కాగితం మాత్రం ఆంధ్రాలో గుర్తింపు ఉండే ఇంజనీరు ఇచ్చింది. మాకు కర్ణాటక ఫ్యాక్టరీల శాఖ గుర్తించినాయన సంతకం కావాల. ఆపరేటరు కంటి పరీక్ష కాగితం యాడుండాది?"

"అదే క్రేన్ కదండీ, సరిహద్దు దాటితే హుక్కు మారిపోతుందా?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"హుక్కు మారదమ్మా. దాని కింద పని చేసేది మావాళ్లు. కాగితం లేకుంటే గేటు తీయను."

కంటి పరీక్ష నియమం మన దగ్గరా ఉందని ఆయన చెప్తేనే తెలిసింది. ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు. నేనూ పట్టించుకోలేదు.

వెనక్కి మళ్లకూడదని గట్టిగా అనుకున్నాను. మునిరాజు ఇచ్చిన నంబర్లకు వరసగా ఫోన్ చేస్తే, తనిఖీ ఇంజనీరు ఒకాయన ఒంటి గంటకు వచ్చాడు. ఎదురుగా ఖాళీ స్థలంలో బరువులు ఎత్తించి చూశాడు. క్రేన్ నిలబడింది. కానీ హుక్కు నుంచి తాడు జారకుండా ఆపే లాచ్ స్ప్రింగు విరిగి వేలాడుతోంది. అది మారిస్తేనే సంతకం పెడతానన్నాడు. కంటి పరీక్ష సంగతి ఎత్తితే ఓబులేసు, "రేపు చూద్దాంలేమ్మా, ముందు లాచ్ తెద్దాం" అన్నాడు.

లాచ్ కొలత ఓబులేసుకే తెలుసు కాబట్టి, కారైతే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుందని ఇద్దరం మెట్రో ఎక్కి ఇనుప సామాన్ల దుకాణాలుండే బళేపేటకు వెళ్లాలనుకున్నాం. ఆర్.వి. రోడ్డులో రైలు మారి చిక్‌పేటలో దిగాలి. గంటన్నర పడుతుంది, టికెట్టు మనిషికి వంద రూపాయల లోపే. ప్లాట్‌ఫాం మీద నేను ఫోన్ చూసుకుంటూ, "రైలుకి ఎన్ని నిమిషాలుందన్నా?" అని అడిగాను.

ఆయన బోర్డు వైపు కళ్లు చికిలించి, "మూడు మ్మా" అన్నాడు.

తలెత్తి చూస్తే ఎనిమిది.

రైల్లో కూర్చున్నాక, చూపు ఆనడం లేదా అని సూటిగా అడిగాను.

"కండ్లల్లో మంచు పట్టినట్టుండాది మ్మా. ఆరు నెలలాయ. చెప్తే సీటు పోతాదని చెప్పలా."

పోయిన నెలలో ఒక షెడ్డు దగ్గర ఆరుగురి తలల మీదుగా ఆయన ఇనుప దూలాలు తిప్పాడు. అది గుర్తొచ్చి భయమేసింది. కోపం కూడా వచ్చింది. కానీ ఎవరిని అనాలి? నేను ఒక్కసారైనా అడిగానా?

"రేపు నువ్వు క్రేన్ ఎక్కొద్దన్నా."

"ఇరవై ఏండ్ల చెయ్యి మ్మా ఇది. అంచనా తప్పదు."

"అంచనాతో మిషను దించలేం. నీ జీతం ఆగదు. కళ్లు బాగు చేయిద్దాం, మళ్లీ నీ సీటు నీదే."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. బళేపేట సందుల్లో మాత్రం ప్రతి దుకాణంలో లాచ్‌ని వేళ్లతో తడిమి, "ఇది కాదు మ్మా, సందు ఎక్కువ" అని పక్కన పెట్టాడు. మూడో దుకాణంలో సరైనది దొరికింది.

మర్నాడు పొద్దున లాచ్ బిగించి చూపిస్తే ఇంజనీరు సంతకం పెట్టాడు. ఓబులేసును తీసుకెళ్తే కంటి డాక్టరు శుక్లమని తేల్చి, ఆపరేషన్ చేయించుకోమన్నాడు. మునిరాజుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాగితాలన్నీ ఉన్న మంజునాథ్ అనే స్థానిక ఆపరేటర్‌ని పిలిపించాడు. మంజునాథ్ సీటెక్కే ముందు ఓబులేసు దగ్గరికి వెళ్లి క్రేన్ గురించి అడిగాడు.

"లివరు కొంచెం బిగుతుగా ఉంటాదప్పా. గుంజితే బరువు ఊగుతాది. మెల్లగా ఒత్తు," అని చెప్పి ఓబులేసు జనం రాకుండా అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడ్డాడు. రెండింటికి ప్రెస్సు లేచింది. మూడు కాకముందే బోల్టుల మీద కూర్చుంది.

"బాగ దించినాడు," అన్నాడు ఓబులేసు. ఆ రెండు మాటలు అనడానికి ఆయనకెంత కష్టమైందో పక్కనున్న నాకు తెలిసింది.

రెండు రోజులు నేను పరిగెత్తింది ఒక కాగితం కోసమే అనుకున్నాను. ఆ గేటు దగ్గర ఎవరూ ఆపకపోయి ఉంటే విరిగిన లాచ్‌తో, మసకబారిన కంటితో మా క్రేన్ ఇంకా ఎంతమంది తలల మీద తిరిగేదో ఊహించడానికి ఇప్పటికీ భయమే. ఓబులేసుకు ఆపరేషన్ అయింది, మళ్లీ పరీక్షలో నెగ్గి సీటెక్కాడు. మీరూ ఇలా వెళ్తుంటే, ఏ కాగితాలు కావాలో వెళ్లే చోటి సేఫ్టీ ఆఫీసర్‌ని అడిగి, రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే క్రేన్ ట్రైలర్ ఎక్కించండి. ఆపరేటర్‌ని కంటి పరీక్షకు తీసుకెళ్లేటప్పుడు, ఫలితం ఏదైనా పని పోదని ముందే మాటివ్వండి. ఆ మాట లేకపోతే ఆయన నిజం చెప్పడు.