మంచి నంబరు మీద అనుమానం

2004. సర్జాపుర రోడ్డు పొడుగునా అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులు. ఆ దారిలోనే ఒక షుగర్ క్లినిక్‌లో నేను వాస్క్యులర్ టెక్నీషియన్‌ని. షుగర్ ఉన్నవాళ్ళ రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో కొలవడం నా పని. మొదటి నుంచీ నాది అనుమానపు బుర్ర. పేషెంటు "కాఫీ తాగలేదు మేడమ్" అంటే ముందు పెదాల వంక చూస్తాను. మిషన్‌ని అంతకంటే తక్కువ నమ్ముతాను.

ఒకరోజు ఉదయం, కదిరి వైపు నుంచి బిల్డింగు పనులకు వచ్చిన దంపతులు వచ్చారు. ఓబులమ్మకు యాభై లోపే ఉంటాయి, షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. భర్త గంగప్ప వస్తూనే నన్ను పక్కకు పిలిచాడు.

"దీనికి కాలునొప్పి నిజంగా ఉండాదా, పని తప్పించుకునేకి నాటకమాడతాందా, మీ మిషన్‌లో చూసి చెప్పండి మేడమ్."

నాకు ఒళ్ళు మండింది. అయినా అతని భయం అతనిది. వాళ్ళ మేస్త్రీ మొగుడూ పెళ్ళాలను జోడీగానే పనిలో పెట్టుకుంటాడు. ఆమె ఇటుకలు అందించకపోతే అతనికీ పని పోతుంది. పైగా అంతకుముందు ఎవరో పెట్టిన ఉచిత క్యాంపులో, కాలికి రక్తం బ్రహ్మాండంగా అందుతోందని చెప్పారట. అప్పటి నుంచి కూలీల షెడ్లలో అందరూ ఆమెవి దొంగనొప్పులని తేల్చేశారు.

నొప్పి ఎప్పుడు వస్తుందని ఆమెనే అడిగాను.

"మెట్లెక్కితే పిక్క పట్టేస్తాదమ్మా. రవంతసేపు నిలబడితే పోతాది. అందుకే ఎవురూ నమ్మరు," అంది నేల చూపులు చూస్తూ.

మంచం మీద పడుకోబెట్టి చేతులకూ చీలమండలకూ బీపీ కఫ్‌లు చుట్టాను. మా మిషన్ రెండు సంగతులు చెబుతుంది. మొదటిది ఏబీఐ. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నంబరు అది. ఒకటికి కాస్త అటూ ఇటూ ఉంటే మామూలు, బాగా తగ్గితే కాలికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. ఆమెకు ఏకంగా ఒకటిన్నర వచ్చింది.

గంగప్ప ముఖం వెలిగింది. "చూసినారా, నేను చెప్పలే?"

రెండోది పల్స్ వేవ్ వెలాసిటీ. గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే అల రక్తనాళం వెంట ఎంత వేగంగా పోతుందో చెబుతుంది. అది ఆమె వయసుకు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది.

"బిరబిరా పోతాందంటే మంచిదే కదా మేడమ్?"

"కాదన్నా. రక్తనాళం మెత్తగా ఉంటే అల నిదానంగా పోతాది. గట్టిపడితేనే అట్ల ఉరుకుతాది."

ఆ మాట అంటుండగానే మొదటి నంబరు మీద నా అనుమానం బలపడింది. షుగర్ వల్ల నాళం గోడల్లో సున్నం పేరుకుంటే కఫ్ ఎంత బిగించినా అవి నొక్కుకోవు. మిషనేమో బీపీ ఎక్కువుందనుకుని పెద్ద నంబరు చూపిస్తుంది. క్యాంపులోనూ ఇదే జరిగి ఉండాలి. డాక్టరుగారిని అడిగి, కాలి బొటనవేలికి చిన్న కఫ్ కట్టాను. వేళ్ళ నాళాలు అంత తొందరగా గట్టిపడవు, అబద్ధం చెప్పడం తక్కువ. అక్కడ ప్రెషర్ మరీ తక్కువగా ఉంది, అంటే కాలికి రక్తం సరిగా అందడం లేదు. నాకు భయమేసింది. సైటులో ఏ మేకు గుచ్చుకున్నా ఆ పుండు మానేది కాదు, కాలు తీసేయాల్సి వచ్చేది.

డాక్టరుగారు ఇద్దరికీ విడమరిచి చెప్పి, పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేశారు. ఓబులమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. కఫ్ విప్పుతున్న నా చెయ్యి పట్టుకుని, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"అయితే నాకు నిజ్జంగానే నొప్పుండాదా అమ్మా?"

"ఉండాదమ్మా. మీ నొప్పి మీకు తెలీదా?"

"అందురూ లేదు లేదంటా ఉంటే, నేనే సోమరిదాన్నేమో అనుకుంటి."

నాకు దుఃఖం ఆగలేదు. మిషన్ సర్దుతున్నట్టు అటు తిరిగాను.

తర్వాత ఆమె కాలి నాళంలోని అడ్డు తీశారు, కాలు దక్కింది. నేను అనుమానించడం మానలేదు, మానితే ఈ ఉద్యోగం చేయలేను. కానీ నలుగురూ నమ్మకపోతే మనిషి తన నొప్పిని తానే నమ్మడం మానేస్తుందని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.