వైజాగ్‌ల ఎత్తుకున్న చావు దరువు

దయ్యాలంటె నాకు నవ్వు. ఏడో తరగతిల బడి ఎగ్గొట్టి, మా దేవరుప్పుల దిక్కు బొందలగడ్డ కాడనే పండుకున్నోన్ని. దయ్యమొస్తె బీడీ ఉన్నదా అని అడుగుదామనుకునేది, ఒక్కటన్న రాలే. గందుకే గిది రాస్తుంటె నాకే సిగ్గయితుంది.

వైజాగ్ పోతున్నమంటె దోస్తులు నన్నే అడుగుతరు, పొద్దుగూకినంక పాటలు ఏడ వినాలె, ఏడ మజా ఉంటదే అని. బీచ్ రోడ్డు పొంటి చానా ఉన్నయి. మేడ మీద గిటార్లు పెట్టి పాడెటియి, రొయ్యల వేపుడు తినుకుంట ఇసుకల కూసోని వినెటియి. అన్నీ చెప్త. ఒక్కదాని పేరే చెప్ప.

రెండేండ్ల కింద గా హోటలోళ్లు శనివారం పాటలకు మమ్ముల పిలిచిన్రు. నేను, పాటలు పాడే మా తమ్ముడు ఐలయ్య, మా బాపు డప్పు. బాపు పోయినంక డప్పు నాకొచ్చింది. మహబూబాబాద్‌ల రైలెక్కినం. ఐలయ్య సముద్రం చూసి, "అన్నా, గిన్ని నీళ్లుండి ఒక్క మడి గూడ పారదాయె" అని పరేషాన్ అయిండు.

సముద్రం గాలికి డప్పు తోలు మెత్తవడ్డది. కొడితె తడి గోనెసంచిని కొట్టినట్టే. వంటింట్ల బొగ్గుల మీద కాపి తెస్తె, రెండు పాటలకే మళ్ల మెత్తవడుతుండె. రెండోసారి కాపుకొచ్చేసరికి ముంగటి టేబుల్ కాడ బాగ తాగిన లావుపాటోడు మొదలువెట్టిండు.

"ఏందే? గిట్లనా, గట్లనా? జర కొట్టుండ్రి!" అని మా మాటను ఎక్కిరిచ్చుకుంట. పక్కోళ్లు ఒకటే నవ్వుడు.

నా నోరు ఊకోదు. "సారుకు స్పెషల్ దరువు" అన్న మైకుల. అని చావు దరువు ఎత్తుకున్న. వాడు చేతులు లేపి ఎగురుతుండు. మా దిక్కు పాడె ముంగట కొట్టే దరువుకు, బతికున్నోడు అట్ల ఎగురుతుంటె నాకు కడుపుబ్బ నవ్వు.

ఐలయ్య నవ్వలే. "వద్దే అన్నా. బాపు ఏం చెప్పిండు?"

నాకు యాదికున్నది. పీనుగ లేంది చావు దరువు ఎత్తుకోవద్దు, ఎత్తుకుంటె బొంద కాడి దాక ఆపొద్దు.

"ఈడ ఎవనికి ఎర్క రా" అన్న.

ఎర్కున్నోడు ఒకడున్నడు. భూపాలపల్లికెంచి ఆడ ప్లేట్లు తీసే పనికొచ్చినాయినె. చేతిల ప్లేట్లు కింద పెట్టి దండం పెట్టిండు. "పీనుగ ఏదన్నా?" అన్నడు.

లావుపాటోనికి సమజైంది. సీసాను టేబుల్‌కు కొట్టి పలగ్గొట్టి నా మీదికి ఉరికిండు. ఐలయ్య అడ్డమొచ్చిండు. సీసా తమ్ముని భుజానికి మెడకు నడుమ దిగింది. నేను డప్పు ఇడిసిపెట్టి, కొట్టే కట్టెలతోటి తాగినోని నెత్తి మీద ఇచ్చిన. రెండు ఇరిగినయి. కుర్చీలు లేశినయి. ఎవడో నా మూతి మీద తన్నితె రెండు పండ్లు రాలినయి.

అప్పుడు మోగింది.

డప్పు నేల మీద పడున్నది. దాని దగ్గర ఎవ్వలు లేరు. తోలు మళ్ల మెత్తవడ్డది, కట్టెలు ఇరిగి నా చేతులల్లనే ఉన్నయి. అయినా ఇప్పుడే కాపినట్టు ఖంగుమని, నేను ఆపిన కాడికెంచే చావు దరువు. బాపు కొట్టినట్టే, మూడో దెబ్బ జర ఆగి. కొట్టుకునేటోళ్లు అందరు ఆగిన్రు. లావుపాటోడు సీసా ఇడిసిపెట్టిండు. నేనొక్కన్నే గాదు, అందరు ఇన్నరు.

దెబ్బ పడంగనే ఐలయ్య గాయంల నెత్తురు చిమ్ముతున్నది. దెబ్బ, నెత్తురు. దెబ్బ, నెత్తురు. పాడె బొంద కాడికి చేరేటప్పుడు దరువు ఉరుకుతది. గది ఉరుకుతున్నది. తమ్ముడు కండ్లు తేలేస్తుండు.

పగిలిన సీసా అందుకోని బాపు డప్పుల దించిన. ఈ అంచు నుంచి ఆ అంచుకు చీరిన.

దరువు ఆగింది. నెత్తురు సన్నగయింది. అంగి తోటి అదిమిపట్టి దవాఖానకు ఉరికినం.

"అదిమిపట్టి తెచ్చిన్రు, అందుకే బతికిండు" అన్నది డాక్టరమ్మ. గంతే కావచ్చు. బాపే కొట్టిండంటె మాత్రం నేను నమ్మ. కొడుకును పాడె ఎక్కిచ్చే బాపు గాదు.

ఐలయ్య మళ్ల పాడుతుండు. ఎడమ చెయ్యి పూర్తిగ లేవదు. కొత్త డప్పు కొన్నం. బాపుది చినిగిందట్లనే గోడకున్నది. "తోలు ఎక్కిద్దాం తియ్యే అన్నా" అంటడు. అన్నింటికి జోకులేసెటోన్ని, గీ మాటకు మాత్రం కొత్త డప్పు తీసుకోని కాపుడుకు పోత.

ఎట్ల మోగిందో నాకు ఇప్పటికీ ఎర్క లేదు. దరువు మాత్రం సగంలనే ఆగింది. తోలు ఎక్కిస్తె, గా సగం కాడికెంచే అందుకుంటదేమో.