తెర చాటు తిట్లు

గొణుగుడు బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. నాటకంలో పాత్రను పట్టుకుని సొంత కొడుకును తిట్టినట్టు తిడతాడు. ఆయన పని తెర పక్కన నిలబడి, మాట మరిచిన నటులకు మెల్లగా అందించడం. బుద్ధిగానే అందించేవాడు. రెండో అంకం వచ్చేసరికి మాత్రం మనిషికి పూనకం వచ్చేది.

ఆ అంకంలో కథానాయకుడు భార్యను గుమ్మంలో వదిలేసి పనికిమాలిన స్నేహితుడి వెంట పోతాడు. స్నేహితుడు "పద" అనగానే ఇతను "నువ్వెక్కడికంటే అక్కడికే" అనాలి. సరిగ్గా అక్కడ తెర చాటు నుంచి హాలంతా వినబడేలా ఒక గొంతు లేచేది.

"పోకురా వెధవా. వాడు నిన్ను నిలువునా ముంచేస్తాడు."

ఏడవాల్సిన చోట జనం పగలబడి నవ్వేవారు. కథానాయకుడి వేషం కట్టేవాడికి ఒళ్ళు మండిపోయేది. ట్రూపులో అతన్ని హీరో అనేవారు, కొంత ప్రేమగా, ఎక్కువ వెటకారంగా. చెప్పులరిగేలా తిరిగి సంపాదించుకున్న మొదటి పెద్ద వేషం అది. దాన్ని ఈ ముసలాయన నోరు నవ్వులపాలు చేస్తోంది.

"బాబాయ్, అది కథ. రాసినవాడు పొమ్మన్నాడు, నేను పోతున్నాను."

"రాసినవాడికి బుద్ధి లేదు. నీకేమైంది?"

"నేను పోకపోతే మూడో అంకం ఎక్కడిది?"

"లేకపోతే పీడా పోయె. ఇళ్ళకు పోయి హాయిగా పడుకుంటాం. పెళ్ళాం గుమ్మంలో నిలబడితే వెనక్కి తిరిగైనా చూడడు, దరిద్రుడు."

స్నేహితుడి వేషం కట్టేవాడు పాపం నోట్లో నాలుక లేని మనిషి. అతను టీ తెచ్చినా బాబాయి ముట్టేవాడు కాదు. "నీ చేతి టీ తాగితే నేనూ నీ వెంట వచ్చేస్తాను, అక్కడ పెట్టిపో" అనేవాడు. అతను అటు వెళ్ళాక, చల్లారిన టీ తాగేవాడు.

హీరోకు అసలు మంట వేరే ఉంది. ఆ కేక వల్లే తన నోరు పడిపోతోందని అతని నమ్మకం. ప్రతి ఆటలోనూ అక్కడే తడబడేవాడు. నవ్వుల మధ్య బాబాయి గొణిగితేనే మాట బయటికొచ్చేది. పైగా హీరోను మార్చేస్తారని గుసగుసలు. ఇక ఆగలేక వెళ్ళి డైరెక్టరు దగ్గర అంతా కక్కేశాడు.

డైరెక్టరు బాబాయిని పిలిచాడు. "ఇంకొక్కసారి నోరు లేస్తే రేపట్నుంచి రానక్కర్లేదు."

బాబాయి హీరో వైపు చూశాడు. వెళ్ళి తెర పక్కన నిలబడ్డాడు.

ఆ సాయంత్రం రెండో అంకంలో స్నేహితుడు "పద" అన్నాడు. తెర చాటున కేక లేదు. హీరో నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎవరూ అరవలేదు, అయినా రాలేదు. బాబాయి గొణుగుతూనే ఉన్నాడు గానీ బెదిరిన చెవికి ఎక్కితేగా. ముందు వరుసలో డైరెక్టరు ముందుకు వంగాడు.

అప్పుడు తెలిసింది హీరోకు. ఇన్నాళ్ళూ ముందు మరిచింది తను, తర్వాత అరిచింది ఆయన. ఆ నవ్వుల సందులో మాట అందించి, చెడ్డపేరు ఆయనే మోశాడు. అలాంటి మనిషి నోటికాడి కూడు తనే తీసేయబోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"పోకురా వెధవా," అంది తెర చాటు.

హాలు ఘొల్లున నవ్వింది. మాట అందింది. ఆట గట్టెక్కింది.

తెర పడగానే డైరెక్టరు ఉరుముతూ వచ్చాడు. హీరో అడ్డం నిలబడ్డాడు.

"మరిచిపోయింది నేనండీ. మొదట్నుంచీ నేనే. ఆయన నన్ను కాయడానికి అరుస్తున్నాడు. పంపితే నన్ను పంపండి."

డైరెక్టరు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "పొద్దున్నే ఇద్దరూ కూర్చుని ఆ ముక్క బట్టీ పట్టండి. రేపు తప్పితే ఇద్దర్నీ సాగనంపుతా" అని వెళ్ళిపోయాడు.

"బాబాయ్..."

"నోర్ముయ్. నిజం చెప్పమని నిన్నెవడడిగాడు? నా కోసం వేషం పోగొట్టుకుంటావా? అచ్చం నాటకంలో ఆ వెధవలాగే తయారయ్యావు."

"అయితే వాడి మీద నిజంగానే కోపమా?"

"లేకపోవడానికి వాడు చేసింది మంచి పనా? సరే, పొద్దున్నే నా గదికి రా."

"నువ్వెక్కడికంటే అక్కడికే" అన్నాడు హీరో, ఎవరూ అందించకుండానే.

బాబాయి అతన్ని మిర్రిమిర్రి చూశాడు. "ఇప్పుడొచ్చిందా నోటికి, దరిద్రుడా" అంటూ, స్నేహితుడి వేషగాడు భయం భయంగా చాచిన టీ గ్లాసు అందుకుని వేడివేడిగా తాగేశాడు.