పాత గేటు దగ్గర గుడ్డెలుగు

దయ్యాలను నేను చాలానే చూశాను. చూసి, నిచ్చెన వేసుకుని ఎక్కి, గుడ్డతో తుడిచేశాను.

నా పని సీసీ కెమెరాలు బిగించడం. జహీరాబాద్‌లో చిన్న దుకాణం ఉంది. బట్టల షాపులు, అల్లం గోదాములు, ఫంక్షన్ హాళ్ళు, ఊరి చుట్టూ కొత్తగా లేస్తున్న ఇళ్ళు, అన్నిటికీ తిరుగుతుంటాను. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, రాత్రి కెమెరాల తెల్లగ ఏందో ఊగుతుంది, జర వచ్చి చూడు" అంటారు. వెళ్ళి చూస్తే సాలెగూడు. చీకట్లో కెమెరా ముందు ఒక్క దారం అడ్డం వచ్చినా చాలు, తెల్లచీర కట్టిన మనిషిలా కనిపిస్తుంది. తుడిస్తే పోతుంది. కోహీర్‌లో ఒకాయన తుడిచాక కూడా నమ్మక నిమ్మకాయలు కట్టించుకున్నాడు. అవి కూడా కెమెరాకే కట్టించాడు.

అందుకే, ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను గానీ, వేరేవాళ్ళు చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి.

మా ఇల్లు పట్టణం దాటాక మొగుడంపల్లి వెళ్ళే దారిలో ఉంది. ముందు వరండా, వెనక జామతోట. తోట అనగానే పెద్దగా ఊహించుకోవద్దు, మేము తిని చుట్టాలకు పంచేంత. చుట్టూ ఎర్రరాతి గోడ. వెనక ఒకచోట కూలిపోయింది, ప్రతి ఎండాకాలం కట్టిద్దామనుకుంటూనే ఉన్నాం. ఇంట్లో నేను, నా భార్య రేణుక, మా అమ్మ, రెండో తరగతి చదివే మా పాప అమ్ములు.

రేణుకకూ నాకూ ఒక పిచ్చి ఉంది. అడవి మధ్యలో చెక్క ఇల్లు, అందులోకి సెలవులకు పోయిన ఒక కుటుంబం, బయట ఏదో తిరుగుతూ ఉండడం. ఈ రకం సినిమాలు తెలుగు డబ్బింగులో ఏది వచ్చినా వదలం. భయపడడానికి కాదు, తిట్టుకోవడానికి. ఫోనుకు సిగ్నల్ ఉండదు, కారు స్టార్ట్ కాదు, తలుపు మీద చప్పుడవుతుంది, పోయి తీస్తారు. రేణుక అయితే, "మన దిక్కు కిరాయికి ఇల్లు చూస్తే నల్లా నీళ్ళు వస్తయా అని అడుగుతరు. వీళ్ళు ఏమడగరా?" అంటుంది. అమ్ములు నిద్రపోయాకే ఇవన్నీ. ఆమె ముందు ఎప్పుడూ పెట్టలేదు.

అయినా ఆమె చూడనే చూసింది. కోహీర్‌లో మా చుట్టాల పిల్లవాడి పుట్టెంటుకలకు పోయాం. కింద పెద్దవాళ్ళం భోజనాల్లో ఉంటే, పైన గదిలో పెద్ద పిల్లలు టీవీలో అలాంటి సినిమా ఒకటి పెట్టుకున్నారు. చెక్క ఇంట్లో ఎవరు తలుపు తీస్తే వాళ్ళు చచ్చిపోతారట. అమ్ములు మంచం వెనక కూర్చుని మొత్తం చూసింది. మాకు ఆ సంగతి ఇంటికొచ్చాక తెలిసింది.

అప్పటి నుంచి మా ఇంటి తలుపు తియ్యనివ్వలేదు.

మొదట్లో నవ్వొచ్చింది. పాలాయన కిటికీ ఊచల్లోంచి గిన్నెలో పాలు పోసేవాడు. నేను దుకాణానికి పోవాలంటే రేణుక ఆమెను లోపలి గదిలో మాటల్లో పెట్టేది, నేను చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా వంటింటి తలుపులోంచి జారుకునేవాణ్ణి. వారం గడిచేసరికి నవ్వు పోయింది. బడి మానేసింది. వరండాలోకి కూడా రాదు. "బయట ఉంది, తియ్యొద్దు డాడీ" అని ఒకటే మాట. బయట ఏమీ లేదమ్మా అని నేను ఎన్నిసార్లు చెప్పానో.

ఒకరోజు విసుగొచ్చి ఎత్తుకుని గడప దాటించబోయాను. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. ఊపిరి పట్టేసింది, పెదవులు నీలంగా మారాయి. రేణుక నా చేతుల్లోంచి లాక్కుని ముఖాన నీళ్ళు కొడితే గానీ ఏడుపు రాలేదు. ఆ రోజు నాకు భయమేసింది. జీవితంలో మొదటిసారి నిజంగా భయమేసింది.

దవాఖానలో పిల్లల డాక్టరు చూసి, ఫికర్ చేయవద్దు, బలవంతం చేయవద్దు, టైం పడుతుందన్నారు. ఎంత టైం అంటే చెప్పలేకపోయారు.

మా అమ్మ దగ్గర మందు సిద్ధంగా ఉంది. గుడ్డెలుగు వెంట్రుక. మా వైపు ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటారు. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కడితే పిల్లల దడుపు పోతుందని పాతకాలం వాళ్ళ నమ్మకం. "నీకు గట్లనే పోయింది" అంది అమ్మ. "చిరాగ్‌పల్లి కాడ నీ పక్కనే లారీ టైరు పేలితె దడుసుకున్నవు. ఒకటే ఏడ్సుడు. గుడ్డెలుగును ఆడించేటాయన వస్తే దాని మీద కూసోబెట్టినం. ముందుగాల సలాం పెట్టింది, ఎనక నేలకు పండుకుని వీపు ఇచ్చింది. నువ్వు ఎక్కినవు. గంతే, పోయింది."

నాకు అదేమీ గుర్తు లేదు. మాట రాని వయసట. ఎలుగులను ఆడించేవాళ్ళు ఇప్పుడు లేరు, ఆ ఆట ఆపేసి చాలా కాలమైంది, వెంట్రుక కొన్నా అమ్మినా కేసవుతుందని చెప్పాను. అమ్మ వింటేనా? బజారంతా అడిగింది. ఒకడు నల్లటి వెంట్రుకలు ఏవో చూపిస్తే వాసన చూసి, "ఇది మేకది" అని తిట్టి వచ్చింది.

ఇలా ఉండగా, చలికాలం మొదట్లో, జామకాయలు మాయం కావడం మొదలైంది. కొమ్మలు విరిగి ఉండేవి. పిల్లల పనేమో అనుకుని తోటలో ఒక కెమెరా పెట్టాను. మర్నాడు ఫోన్‌లో చూస్తే, తెల్లవారుజామున చెట్ల మధ్య నల్లటి ముద్ద ఒకటి కదులుతోంది. నేను చేసిన మొదటి పని నిచ్చెన ఎక్కి కెమెరా తుడవడం. ఆ తర్వాతి రోజు కూడా ముద్ద వచ్చింది. ఈసారి వెనక కాళ్ళ మీద లేచి కొమ్మ వంచింది.

ఎలుగుబంటి. కూలిన గోడ మీదుగా వచ్చి, కాయలు తిని పోతోంది. మొగుడంపల్లి వైపు గుట్టల్లో ఉంటాయని వినడమే గానీ ఇళ్ళ దాకా రావడం ఎన్నడూ లేదు. ఫారెస్టు వాళ్ళకు చెబితే ఒకాయన వచ్చి అడుగులు చూసి నిజమేనన్నాడు. బోను తెప్పిస్తామన్నాడు. "ఎదురుపడితే అరవకున్రి, ఉరకకున్రి. బెదిరితేనే మీద పడతది. కదలకుండ నిలవడితె దాని దారిన అది పోతది" అని గట్టిగా చెప్పాడు.

బయట ఏమీ లేదని పిల్లకు రోజూ చెప్పిన నేను ఇప్పుడు నోరు మూసుకోవలసి వచ్చింది. బయట నిజంగానే ఉంది.

ఆమెకు తెలియకుండా దాచాలనుకున్నాం. కుదరలేదు. ఒక సాయంత్రం నేను ఫోన్‌లో ఆ వీడియోలు చూస్తుంటే భుజం మీది నుంచి తొంగి చూసింది. గబుక్కున ఫోన్ బోర్లించబోయాను. ఆమె మాత్రం అరవలేదు. అప్పుడు నడుస్తున్నది వరండా కెమెరా వీడియో. అందులో ఒక అంచున ఎలుగు, కాయలు తినడం అయిపోయి, వచ్చిన దారిన పోకుండా, ఇంటి పక్కగా నడిచి తూర్పు గోడ దగ్గరికి పోయి కూర్చుంది. రోజూ అంతే. అక్కడ ఏమీ లేదు, ఉత్త గోడ. దానికి వీపు పెట్టి, ఇంటి వైపు చూస్తూ కాసేపు కూర్చుని, లేచి పోయేది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అమ్ములు అడిగింది. "డాడీ, అది ఎవలి కోసం కూసుంది?"

ఇన్ని రోజుల్లో ఆమె భయం లేకుండా అడిగిన మొదటి ప్రశ్న అది. పక్కన బియ్యం ఏరుతున్న మా అమ్మ ఫోన్ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఆ గోడను వేలితో చూపించింది.

"గాడ గేటుండె" అంది. "రోడ్డు ఇటు దిక్కు పడ్డంక మీ నాయిన ఆ గేటు తీసేసి గోడ పెట్టిచ్చిండు. అప్పట్ల గుడ్డెలుగును తెస్తే ఆ గేటు లోపలనే కూసోబెట్టేటోళ్ళు. నిన్ను గాన్నే ఎక్కిచ్చినం."

నేను నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. అమ్ములు వీడియో మళ్ళీ పెట్టమంది.

రెండు మూడు రోజుల తర్వాత, పొద్దున్నే, ఎండ వచ్చాక, ఆ గోడ పూర్తిగా కనిపించేలా వరండా కెమెరాను తిప్పుదామని నిచ్చెన ఎక్కాను. ఎలుగు ఎప్పుడూ వెలుగు రాకముందే వచ్చి పోయేది, కాబట్టి ధైర్యంగానే ఎక్కాను. కెమెరా ఊడదీసి చేతిలో పట్టుకున్నాను, వైరు కూడా పీకేశాను. అందుకే ఆ తర్వాత జరిగినదానికి రికార్డు లేదు. ఈ మాట నేను చెబితే నా కస్టమర్లే నవ్వుతారు.

ముందు వాసన వచ్చింది. తడిసిన గొంగడి వాసన. కిందికి చూస్తే ఎలుగు నా నిచ్చెన పక్కనుంచి పోతోంది. తొందర లేదు. ముక్కు పైన పాత చిల్లు ఒకటి, చుట్టూ వెంట్రుకలు లేని తోలు. ఆడించే ఎలుగులకు తాడు ఎక్కించడానికి అక్కడే పొడుస్తారు. అది నేరుగా పోయి తూర్పు గోడకు వీపు పెట్టి కూర్చుంది.

అప్పుడు తలుపు గడియ చప్పుడైంది.

లోపల ప్లాస్టిక్ స్టూలు ఈడ్చిన చప్పుడు అంతకు ముందే విన్నాను, పట్టించుకోలేదు. తలుపు తెరుచుకుంది. అమ్ములు గడప దాటింది. బడి స్వెటరు, కాళ్ళకు చెప్పులు లేవు. వరండా దిగి నడుస్తోంది.

అరవాలి. అరిస్తే అది బెదురుతుంది. దూకితే కూడా బెదురుతుంది. కెమెరా చేతిలో పట్టుకుని నిచ్చెన మీదే కదలకుండా ఉండిపోయాను. గుమ్మంలోకి మా అమ్మ వచ్చింది. పిల్లను పిలవలేదు, రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది.

ఎలుగు లేచి వెనక కాళ్ళ మీద నిలబడింది. కుడి చెయ్యి నుదుటికి ఆనించింది. తర్వాత మెల్లగా కిందికి దిగి, కడుపు నేలకు ఆనేలా పడుకుని, వీపు పిల్ల వైపు తిప్పింది.

అమ్ములు ఎక్కలేదు. వంగి, ఆ వీపు మీద చెయ్యి పెట్టింది. ఏ పెంపుడు కుక్క మీదో పెట్టినట్టు పెట్టి అలాగే ఉంచింది. ఎంతసేపో నేను చెప్పలేను. ఆమె చెయ్యి తీశాక ఎలుగు లేచి, ఒళ్ళు విదిలించుకుని, జామచెట్లలోకి పోయింది. కూలిన గోడ మీది రాయి ఒకటి దొర్లిన చప్పుడు విన్నాను.

పిల్ల తిరిగి నా వైపు చూసింది. "దిగు డాడీ, పోయింది. భయపడకు" అంది.

దిగి ఆమెను పట్టుకుని ఏడ్చాను. రేణుక స్నానం చేసి వచ్చి, ఎందుకేడుస్తున్నావని అడిగితే పిల్లను చూపించాను. ఆమె చూసింది ఒకటే, పిల్ల ఆరుబయట నిలబడి ఉంది. మర్నాడు అమ్ములు బడికి పోయింది. తలుపు తానే తీసుకుని పోయింది.

ఫారెస్టు వాళ్ళు బోను తెచ్చి పెట్టారు, లోపల బెల్లం, పండు జామకాయలు. ఎలుగు మళ్ళీ రాలేదు. తోట కెమెరాలో ఆ రోజు అది రావడం, పోవడం మాత్రం ఉంది. అది చూసి, మొదట అడుగులు చూసిపోయిన ఫారెస్టాయన, ముక్కు మీది చిల్లు ఉచ్చులో పడ్డ గాయం కావచ్చన్నాడు. ఆడించే ఎలుగులను ప్రభుత్వం ఏనాడో తీసుకుపోయింది, ఒకటి తప్పించుకున్నా ఇన్నేళ్ళు బతకదు అన్నాడు. మా అమ్మ చెప్పేదాన్ని బట్టి, నన్ను ఎక్కించుకున్నప్పటికే అది ముసలిది.

నేనూ నాకు తోచిన కారణాలు చాలా వెతుక్కున్నాను. ఎవరో దొంగచాటుగా పెంచి, కేసుకు భయపడి గుట్టల్లో వదిలేసి ఉండవచ్చు. చిల్లు అలా వచ్చి ఉండవచ్చు. సలాం కూడా వాళ్ళే నేర్పి ఉండవచ్చు. ఇంతవరకు సరే. కానీ గేటు? ఆ గోడ మీద గేటు ఉన్న గుర్తు ఒక్కటీ లేదు. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన నాకే అమ్మ చెప్పేదాకా తెలియదు. దానికి ఎవరు చెప్పారు? ఇది మాత్రం ఎంత తుడిచినా పోవడం లేదు.

ఈ ఎండాకాలం మేస్త్రీని పిలిపించాను. వెనక కూలిన గోడ కట్టడానికి అనుకున్నాడు. అది అలాగే వదిలేయమని, తూర్పు గోడ పగలగొట్టించి, పాత గేటు ఉన్నచోటే కొత్త గేటు పెట్టించాను. రేణుక నన్ను వింతగా చూసింది.

గేటుకు గడియ ఎక్కడ పెట్టాలని మేస్త్రీ అడిగాడు. నేను చెప్పేలోపే అమ్ములు వద్దంది.

పెట్టించలేదు.